ఉద్యోగం వచ్చాక కూడా ఏల పరిగెడతన్నావు?

సంపాదకులు గారికి,

నమస్కారం.

మొన్న ఆదివారం మీ పత్రికలో నర్సులు తమ ఆరోగ్యాన్ని ఎలా చూసుకోవాలో ఒక పేజీ నిండా వేశారు. పొద్దున్నే ఐదింటికి లేవాలట. అరగంట నడవాలట, కుదిరితే పరిగెత్తాలట. గోరువెచ్చని నీళ్లలో నిమ్మకాయ పిండుకోవాలట. వేళకి తినాలట, ఏడెనిమిది గంటలు నిద్రపోవాలట. పక్కన తెల్లబట్టల్లో నవ్వుతున్న అమ్మాయి బొమ్మ.

మా వార్డు ఆయమ్మ ఆ పేజీ మడిచి దాచి, మర్నాడు తెల్లవారుజామున నా చేతిలో పెట్టింది. "మీ గురించే రాసినారు సిస్టరమ్మా, సూడండి" అంది. గోడ గడియారంలో ఐదూ పది. ఐదింటికి లేవమన్నారు కదా, లేచే ఉన్నాను. ముందురోజు మధ్యాహ్నం నుంచీ లేచే ఉన్నాను. చేతిలో బీపీ మిషను, జేబులో థర్మామీటరు. ఇంకా పదకొండు మందికి వైటల్స్ (బీపీ, నాడి, జ్వరం లాంటివి) చూడాలి, ఇద్దరికి రక్తం తీయాలి, ఏడో నంబరు బెడ్డు దగ్గర సెలైన్ అయిపోవస్తోంది.

మీ సలహాల్లో తప్పుందని ఈ ఉత్తరం రాయడం లేదు. నేనూ పరిగెత్తే మనిషినే. ఆ పేజీలో చెప్పినవన్నీ చేద్దామని పదకొండు నెలలుగా పాట్లు పడుతున్నదాన్ని. ఎక్కడ తేడా కొడుతోందో నాకు తెలిసింది, మా డ్యూటీ చార్టు దగ్గర. అది చెబుదామని.

నాకు 23 ఏళ్లు. బీఎస్సీ నర్సింగ్ చదివి, రిజిస్ట్రేషన్ చేయించుకొని, శ్రీకాకుళం పట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేరాను. మాది ఆమదాలవలస అవతల ఓ పల్లె. మా వైపు పరుగంటే ఒంటికోసం చేసేది కాదు, ఉద్యోగానికి పెట్టుకొనే దరఖాస్తు. చలికాలం తెల్లవారుజామున మా జిల్లాలో ఏ రోడ్డు మీదికైనా వచ్చి చూడండి, మంచులో కుర్రాళ్లు గుంపులుగా కనిపిస్తారు. ఆర్మీకి ఒకడు, సీఆర్పీఎఫ్‌కి ఒకడు, కానిస్టేబులుకి ఒకడు. మా అన్నయ్య అలాగే నాలుగేళ్లు పరిగెత్తాడు. నడుముకి తాడు, తాడు చివర పాత జీపు టైరు, చెరువు గట్టు కింద మట్టిరోడ్డు. ఆర్మీ పరుగులో పూర్తి మార్కులు రావాలంటే 1600 మీటర్లు ఐదున్నర నిమిషాల్లో కొట్టాలి. ఫోను పట్టుకొని టైము చూడడం నా పని. వాడికి ఎప్పుడూ ఏడెనిమిది సెకన్లు ఎక్కువయ్యేవి. ఆ ఏడెనిమిది సెకన్లు తగ్గేలోపు వయసు దాటిపోయింది. ఇప్పుడు చెన్నైలో ఒక గోడౌన్లో చేస్తున్నాడు. వాడి వెనకాల ఊరికే పరిగెత్తిన నాకు మాత్రం పరుగు మిగిలింది.

పట్నంలో అద్దె గదిలో దిగిన మొదటి వారం, బూట్లు వేసుకొని వాకిట్లోకి వస్తే ఎదురింటి మామ్మ కల్లాపి జల్లుతోంది.

"ఏ నోటిపికేషన్ పడిందే గుంటా?"

నోటిఫికేషన్ ఏం లేదు మామ్మా, నాకు ఉద్యోగం ఉంది, ఆసుపత్రిలో నర్సుని అన్నాను. ఆవిడ బకెట్టు కింద పెట్టి నన్ను ఎగాదిగా చూసింది.

"ఉజ్జోగం వచ్చీసినాక కూడా ఏల పరిగెడతన్నావే?"

అప్పుడు నవ్వి ఊరుకున్నాను. జవాబు తర్వాత దొరికింది. చేరిన రెండో నెలలో మొదటిసారి నా డ్యూటీలో ఒక పెద్దాయన పోయాడు. ముక్కులో దూది పెట్టి, కాలి బొటనవేళ్లు కలిపి కట్టి, కేస్ షీటులో టైము రాసి, వెంటనే పక్క బెడ్డాయనకి మాత్ర వేయడానికి వెళ్లాను. ఆయన నీళ్లు చల్లగా ఉన్నాయని విసుక్కున్నాడు. గోరువెచ్చగా తెచ్చి ఇచ్చాను. ఏడుపు రాలేదు. నాకేమైనా అయిందా, ఇంత రాయినా నేను అనుకున్నాను. మర్నాడు సాయంత్రం ఏడు రోడ్ల కూడలి దాటి అరసవల్లి వైపు పరిగెడుతుంటే అక్కడ వచ్చింది, ఆగకుండా. పక్కనుంచి పోతున్న ఆటో ఆయన బండి ఆపి, "ఏటమ్మా, ఎవలైనా ఏటైనా అన్నారేటి?" అని అడిగాడు. లేదు బాబూ, ఏం లేదు అన్నాను. నమ్మలేదు. గుడి వీధి దాకా నా వెనకాలే నెమ్మదిగా వచ్చి అప్పుడు వెళ్లాడు.

పరిగెడుతున్న అరగంటలో నన్ను ఎవరూ సిస్టర్ అని పిలవరు. మామ్మ ప్రశ్నకి నా జవాబు అదే.

ఇక డ్యూటీల సంగతి. మార్నింగు 8 నుంచి 2. ఈవినింగు 2 నుంచి 8. నైటు రాత్రి 8 నుంచి పొద్దున్న 8. కాగితం మీద అంతే. తర్వాతి డ్యూటీవాళ్లకి హ్యాండోవర్ ఇచ్చి, మందుల లెక్క అప్పజెప్పి, రాత రాసి బయటపడేసరికి దేనికైనా ముప్పావుగంట కలుపుకోవాలి. అయినా వీటిల్లో ఏదీ భరించలేనిది కాదు. నైట్లకి కూడా ఒళ్లు ఎలాగోలా అలవాటు పడుతుంది, కాకపోతే దాని పద్ధతి తెలియాలి. నాకు తెలియడానికి రెండు నెలలు పట్టింది.

మొదట్లో నైట్ దిగగానే పరిగెత్తేదాన్ని. ఎలాగూ మెలకువగానే ఉన్నాను కదా, పనైపోతుందని. ఎనిమిదిన్నర దాటాక ఎండ, పైగా ఖాళీ కడుపు. గదికొచ్చి పడుకుంటే కళ్లు మంటలే తప్ప నిద్ర రాదు. మొదటి ఏడాది చదువుకున్న పాఠమే ఇది. కంట్లో పడిన వెలుతురుని బట్టే మెదడు ఇది పగలా రాత్రా అని తేల్చుకుంటుంది. చీకటి పడితే నిద్ర తెప్పించే మెలటోనిన్ వదులుతుంది, వెలుతురు తగిలితే ఆపేస్తుంది. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకొని మర్చిపోయాను. ఇప్పుడు నైట్ దిగితే నల్ల కళ్లజోడు పెట్టుకొని, తలొంచుకొని తిన్నగా గదికి పోతాను. కిటికీకి అమ్మ పాత నల్లచీర రెండు మడతలు. ఒక గ్లాసు చోడి (రాగి) అంబలి తాగి తొమ్మిదిన్నరకి పడక. నాలుగున్నరకి లేవడం, ఐదున్నరకి పరుగు, స్నానం, క్యారేజీ కట్టుకొని మళ్లీ వార్డు.

ఆరోగ్యం భాస్కరాదిచ్ఛేత్ అంటారు. ఆ భాస్కరుడి గుడి మా పట్నంలోనే ఉంది. మార్చిలోనూ అక్టోబరులోనూ పొద్దుటి కిరణాలు స్వామి పాదాల మీద పడే రోజుల్లో చూడడానికి ఎక్కడెక్కడి నుంచో వచ్చి బారులు తీరతారు. అరసవల్లి పక్కనే ఉంటూ, నైట్ల వారమంతా నేను ఆయనకి మొహం చాటేసి తిరుగుతున్నాను. సాయంత్రం గుడిదాకా పరిగెత్తి బయట నుంచి దండం పెట్టుకుంటాను. ఏమీ అనుకోడని నా నమ్మకం.

ఒక్క ఇబ్బంది మిగిలింది. పదింటికి మా వీధికి కుళాయి వస్తుంది. ఇంటావిడ తలుపు బాదేది, "నీళ్లు పోతన్నాయమ్మా" అని. పాపం నా మంచికే. ఒక అట్టముక్క మీద 'నైట్ డ్యూటీ, పడుకున్నాను' అని రాసి తలుపుకి వేలాడదీశాను. ఆ వారంలోనే నా బిందె ఆవిడే పట్టి గుమ్మం పక్కన పెట్టడం మొదలుపెట్టింది. ఇలాంటి అట్టముక్క ఒకటి ఆసుపత్రికి కూడా తగిలిద్దామంటే ఎక్కడ తగిలించాలో తెలియడం లేదు.

ఎందుకంటే మా డ్యూటీ చార్టు శనివారం రాత్రి నోటీసు బోర్డుకెక్కుతుంది. ఆదివారం పొద్దున్నుంచి అమలు. అదైనా నిలబడుతుందా అంటే, రాత్రి తొమ్మిదిన్నరకి వాట్సాప్‌లో టింగుమంటుంది. 'రేపు ఈవినింగు కాదు, మార్నింగు రావాలి.' చివర రెండు చేతులు జోడించిన బొమ్మ. ఆ బొమ్మ చూశాక కాదనడం ఎలా? ఈవినింగు దిగి గదికి చేరి, వండుకొని తిని పడుకొనేసరికి పదకొండు దాటుతుంది. మళ్లీ ఏడున్నరకల్లా వార్డులో ఉండాలి. ఒక్కోసారి నైట్ దిగినవాళ్లనే ఆ మధ్యాహ్నం రెండింటికి రమ్మంటారు. మధ్యలో ఆరు గంటలు. ఆ ఆరు గంటల్లోనే మీరు చెప్పిన నిద్రా, నడకా, నిమ్మకాయా అన్నీ.

పరుగు సంగతి తెలియనివాళ్లకి ఒక మాట చెప్పాలి. ఇది రోజూ పడీ పడీ చేసేది కాదు. నాబోటివాళ్లకి వారానికి మూడు రోజులు చాలు. ఒకరోజు పరుగు, ఒకరోజు విడుపు, ఆఫ్ రోజున కాస్త ఎక్కువ దూరం. వేగం సంగతంటారా, పరిగెడుతూ పక్కమనిషితో మాట్లాడగలిగితే అదే సరైన వేగం. దూరం పిసరు పిసరు పెంచుకోవాలి. పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు మోస్తరుగానో, 75 నిమిషాలు గట్టిగానో ఒళ్లు కదపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మూడు పరుగులతో నా లెక్క చక్కగా సరిపోతుంది. బుధవారం నేను ఎక్కడుంటానో సోమవారం నాకు తెలియాలి, అంతే.

తెలియక ఏం చేశానో చెబుతాను. మళ్లీ ఎప్పుడు ఖాళీ దొరుకుతుందోనని, దొరికిన రెండు రోజులూ వరసగా పరిగెత్తాను. మడమ పట్టేసింది. పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేస్తే మేకు దిగినట్టుండేది. నాలుగడుగులు వేశాక సర్దుకొనేది, కాసేపు కూర్చుని లేస్తే మళ్లీ మొదలు. నీళ్ల సీసా గడ్డ కట్టించి పాదం కింద దొర్లించుకుంటూ మూడు వారాలు పరుగు మానేశాను. వార్డులో నిలబడడం మానేస్తానంటే కుదరదు కదా.

విశాఖ బీచ్ రోడ్డులో నేవీ వాళ్లు పెట్టే మారథాన్‌కి కూడా పేరిచ్చాను. 42 కిలోమీటర్లు కొట్టేవాళ్లు వేరే, నాది 10 కిలోమీటర్లు. ఆఫ్ కోసం నెల ముందే అర్జీ పెట్టాను, సంతకమూ అయింది. శనివారం మధ్యాహ్నం బస్సెక్కాలి. వంద కిలోమీటర్ల పైచిలుకు దూరం, రాత్రికి పిన్నివాళ్లింట్లో పడక. పదకొండింటికి ఫోను. ఒకమ్మాయికి జ్వరం, ఇంకో అమ్మాయి చెప్పకుండా మానేసింది, నైట్‌కి మనిషి లేదు. బూట్లు పెట్టుకున్న సంచీతోనే డ్యూటీకి వెళ్లాను, మళ్లీ విప్పి సర్దే ఓపిక లేక. పొద్దున్న దిగేటప్పుడు ఫోనులో చూసుకుంటే ఆ రాత్రి వార్డులో వేసిన అడుగులు పదమూడు వేల చిల్లర. ఇంచుమించు తొమ్మిది కిలోమీటర్లు. పతకం మాత్రం ఎవరూ వేయలేదు.

ఇది నవ్వుకొనే సంగతి. నవ్వుకోలేనిది ఇంకొకటుంది, పేరు వేయరన్న ధైర్యంతో రాస్తున్నాను.

నైటు, మధ్యలో ఒక ఈవినింగు, మళ్లీ నైటు పడిన వారం అది. తెల్లవారాక ఒక మామ్మకి 12 యూనిట్ల ఇన్సులిన్ ఇవ్వాలి. ఇన్సులిన్ సీసాలు మన దగ్గర రెండు బలాల్లో దొరుకుతాయి. మిల్లీలీటరుకి 40 యూనిట్లుండేది ఒకటి, 100 ఉండేది ఒకటి. దేని సిరంజి దానికే. 40 దానికి ఎర్రమూత, 100 దానికి నారింజ మూత. మామ్మ సీసా 100 రకం, ఇంటి నుంచి తెచ్చుకుంది. నేను ట్రేలోంచి తీసింది ఎర్రమూత సిరంజి. 12 గీత దాకా లాగాను. గోటితో కొట్టి బుడగ పోగొట్టాను. పొట్ట మీద దూదితో తుడిచాను. మామ్మ ఒక కన్ను తెరిచింది.

"ఒలమ్మీ, ఈ సూది మూత రంగు మారిందేటి? మా కోడలు కమలాపండు రంగు దాంతో పొడుస్తాది."

చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆ సిరంజిలో 12 గీత దగ్గర ఉన్న మందు 12 యూనిట్లు కాదు, 30. రెండున్నర రెట్లు. ఇంకా పొద్దుటి టిఫినైనా తినని మనిషి. చక్కెర పడిపోయి, చెమటలు పట్టి, స్పృహ తప్పేది. ఇంకా పైకి రాయలేను. ఆ సిరంజి పారేసి, నారింజ మూతది తెచ్చి, పక్క వార్డు సిస్టర్‌ని పిలిచి గీత చూపించి, అప్పుడిచ్చాను. తర్వాత బాత్రూములోకి పోయి కుళాయి తిప్పుకొని కూర్చున్నాను. మామ్మ డిశ్చార్జి అయి వెళ్లే రోజున, పలాస వైపు మనిషి, కొంగు ముడి విప్పి నా చేతిలో గుప్పెడు జీడిపప్పు పోసింది. "బేగి ఇంటికెళ్లి తొంగో అమ్మీ, నీ కళ్లు సూడు ఎలాగున్నాయో" అంది. ఆవిడకి ఏమైందో తెలుసని నా అనుమానం. అడగలేదు.

తప్పు నాదే. ఇన్సులిన్ ఇద్దరు సరిచూసుకొని ఇవ్వాలని నాకు నేర్పారు. ఆ రాత్రి మా వార్డులో 32 బెడ్లు, ఇద్దరం. రెండో అమ్మాయిని ఐసీయూలో సాయానికి తీసుకెళ్లారు. భారత నర్సింగ్ మండలి పెట్టిన లెక్క వేరే ఉంది. బోధనాసుపత్రి వార్డులో ముగ్గురు రోగులకి ఒక నర్సు, మామూలు ఆసుపత్రిలో ఐదుగురికి ఒకరు, ఐసీయూలో ఒకరికి ఒకరు. దాని మీద నూటికి ముప్పై మందిని సెలవుల కోసమని అదనంగా ఉంచుకోవాలి. అంటే పదిమంది పనికి పదమూడు మంది. ఒకరికి జ్వరమొచ్చినా, ఒకరి అక్క పెళ్లయినా, ఒకరు చెప్పకుండా మానేసినా చార్టు చెదరకుండా ఉండేది ఆ ముగ్గురి వల్లే. మా చార్టు కథంతా ఆ ముగ్గురు లేని కథ.

ఇన్‌ఛార్జి సిస్టర్ని తిట్టుకోవడం తేలిక. నేనూ తిట్టుకున్నాను. ఒకరోజు తెగించి అడిగేశాను, చార్టు ముందుగా ఇస్తే మీకేం పోతుంది సిస్టర్ అని. ఆవిడ కోపగించుకోలేదు. కుర్చీలో కూర్చుని సాక్సు కిందికి లాగి కాలు చూపించింది. పిక్క మీద నరాలు తాళ్లలా మెలికలు తిరిగి నీలంగా ఉబ్బి ఉన్నాయి. "పందొమ్మిదేళ్లే నిలబడి. నాకేం సరదానా చార్టు కొట్టేసి మళ్లీ రాయడం? ఈ ఏడాదిలో ఆరుగురు పోయినారు. ఇద్దరు గల్ఫు. ఒకమ్మాయి జర్మనీ ఎల్తానని బాష నేర్చుకోడానికి పోయింది. నీకు ముందుగా చార్టు ఇచ్చీసి, మిగిలిన ఖాళీల్లో నా తల పెట్టమంటావా?" అంది. నేను జవాబు చెప్పలేకపోయాను.

ఊరికే ఎవరూ పోరు. 2016 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పాక కేంద్రం వేసిన కమిటీ, యాభై పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రిలో కూడా నర్సు జీతం నెలకి 20,000కి తగ్గకూడదని సిఫార్సు చేసింది. పడకలు పెరిగేకొద్దీ ప్రభుత్వ నర్సుల జీతానికి దగ్గర కావాలంది. మాది యాభై కన్నా పెద్దది. నా చేతికొచ్చేది 13,500. దీని మీద రాయాలంటే ఇంకో ఉత్తరం అవుతుంది, వదిలేస్తున్నాను.

రాత్రి పని మంచిది కాదని మాకు ఎవరూ చెప్పనక్కరలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2007లోనే దాన్ని బహుశా క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో పెట్టింది, 2019లో మళ్లీ పరిశీలించి అక్కడే ఉంచింది. అయినా నైట్లు చేయబోమని మేం అనడం లేదు. రోగం పగలే రమ్మంటే వస్తుందా? చేస్తాం. ఏ రాత్రో ముందు చెప్పమంటున్నాం. చార్టు రెండు వారాల ముందు ఇవ్వండి. నైట్ దిగిన మనిషిని అదే రోజు మళ్లీ పిలవకండి. చెప్పడానికి రెండు ముక్కలే, పాటించాలంటే మాత్రం ముందు ఆ ముగ్గుర్ని తెచ్చి పెట్టుకోవాలి. అందుకే ఎవరూ వినరు. ఏటా మే 12న నర్సుల దినోత్సవానికి కేకు కోయించి, గులాబీ చేతికిచ్చి ఫొటో తీస్తారు. ఈసారి ఆ కేకు డబ్బులతో, అవి చాలవని నాకూ తెలుసు, అయినా మొదలుగా, ఒక్క మనిషిని అదనంగా తీసుకోండి.

పరుగు గురించి ఇంకొక చిన్న మాట. పట్నంలో మేం వెళ్లే మైదానం ఒకటుంది. పొద్దున్న ఎనిమిదికి తాళం పడుతుంది. సాయంత్రం దీపాలు సగం వెలగవు. ఈవినింగు డ్యూటీ రోజుల్లో పొద్దున్న ఆరింటికి వెళితే ఆర్మీ కుర్రాళ్లు ఉంటారు. వాళ్లతో ఇబ్బందేం లేదు, "అక్కా, మీరు లోపలి లైను తీసుకోండి" అని పక్కకి జరుగుతారు. మార్నింగు డ్యూటీ రోజునే చిక్కు. సాయంత్రం వంటా గింటా చూసుకొని వెళ్లేసరికి చీకటి, కుక్కలు, బళ్ల మీద కూర్చుని పాటలు పెట్టుకొనేవాళ్లు. రాత్రి ఎనిమిదిన్నర దాకా నాలుగు దీపాలు వెలిగితే చాలు. నేనొక్కదాన్నే కాదు, బట్టల కొట్లలో, మందుల షాపుల్లో నిలబడి పనిచేసే ఆడపిల్లలూ వస్తారు.

మా అమ్మకి ఇదంతా నచ్చదు. ఎండలో పరిగెడితే నల్లబడిపోతావు, సంబంధాలు రావు అంటుంది. ఊసవానిపేట మాకు దగ్గరే కదమ్మా, 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చిన కరణం మల్లీశ్వరి గారిని అడుగు అంటే, "ఆవిడ దేశానికి తెచ్చింది, నువ్వు నాకేటి తెస్తన్నావు, కాలు నొప్పా?" అంటుంది. అంటూనే ప్రతి నెలా చోడిపిండి పంపుతుంది. బరువులెత్తడం మాకూ అలవాటే, ఇద్దరమే కలిసి ఎనభై కిలోల మనిషిని దుప్పటితో సహా మంచం మీంచి ట్రాలీ మీదికి ఎత్తుతాం. ఆ సంగతి అమ్మకి చెప్పలేదు.

ఈ వారం చార్టు ప్రకారం గురువారం నాకు ఆఫ్. ఏడు కిలోమీటర్లు అనుకుంటున్నాను. ఇది మీకు చేరేసరికి గురువారం ఏమైందో తెలుస్తుంది.

దయచేసి నా పేరు వేయకండి. ఆసుపత్రి పేరు నేనే రాయలేదు, కనుక్కోవద్దు కూడా. ఒక మనవి. దీన్ని ఆదివారం ఆరోగ్యం పేజీలో వేయకండి, జిల్లా పేజీలో వేయండి. ఆరోగ్యం పేజీ మేం చదువుకుంటాం. మా మేనేజరు గారు పొద్దున్నే టీ తాగుతూ ముందు తిప్పేది జిల్లా పేజీ.

ఇట్లు,
ఒక స్టాఫ్ నర్సు,
శ్రీకాకుళం